కుడిచేతి పిడి

మందసలో నన్ను ఇప్పటికీ కొందరు "కత్తి బాబు" అంటారు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు అదేదో పాత జమీందారీ బిరుదు అనుకుంటారు. పక్కనే కోట ఉంది మరి, అలా అనుకోవడంలో తప్పులేదు. ఆ పేరు ఎలా వచ్చిందో బయటపడితే పరువు పోతుందని నాలుగేళ్లుగా దాచుకుంటూ వచ్చాను. ఊళ్లో అందరికీ తెలుసనీ, తెలీదని నమ్మింది నేనొక్కణ్ణేననీ ఈ మధ్యే అర్థమైంది. ఇక నా నోటితోనే చెప్పేస్తే పోతుంది.

నేను బీమా ఏజెంటుని. హరిపురం నుంచి కాశీబుగ్గ దాకా జనం ఫారాలు నింపడం నా వృత్తి. పుట్టిన తేదీ, నామినీ పేరు, పాత జబ్బులు, ఒక్క గడి తప్పు పడినా రేపు క్లెయిము దగ్గర పేచీ వస్తుందని కనబడినవాడికల్లా పాఠం చెప్పేవాణ్ణి. అలాంటి నేను నా సొంతానికి నింపిన ఫారంలో ఒక గడి తప్పు పెట్టాను. కుడి, ఎడమ అని రెండు గళ్లుంటే, ఆలోచించకుండా కుడి మీద నొక్కాను. నలభై దాటాక కూడా మనిషికి తన చెయ్యి ఏదో తెలియకుండా ఉంటుందా అంటే, ఉంటుంది.

కథ టోక్యోలో మొదలైంది. 2021 జూలై 26న భవానీ దేవి ఒలింపిక్స్‌లో ఫెన్సింగ్ ఆడింది. ఆ ఆటలో మన దేశం నుంచి ఒలింపిక్స్ దాకా వెళ్లిన మొదటి మనిషి ఆమే. మొదటి పోటీలో ట్యునీషియా అమ్మాయి నాదియా బెన్ అజీజీని 15-3తో ఓడించింది. తర్వాతి పోటీలో ఫ్రాన్స్ క్రీడాకారిణి మనాన్ బ్రునే చేతిలో 7-15తో ఓడిపోయింది. చెన్నైలో పెరిగిన పిల్లే గానీ వాళ్ల నాన్నగారిది మన సామర్లకోట అని పేపర్లు రాశాయి. ఇంకేం, ఒళ్లు పొంగింది. కొత్తల్లో కత్తులు ఖరీదని వెదురుకర్రలతో సాధన చేసిందని కూడా అవే పేపర్లు రాశాయి. ఆ వాక్యం నేనూ చదివాను. చదివి, వెదురుకర్ర వదిలేసి కత్తి వెతుక్కున్నాను. నా తెలివికి అది మొదటి నమూనా.

నెల్లాళ్లు రాత్రిళ్లు ఫోను పట్టుకుని చదివాను. ఫెన్సింగులో కత్తులు మూడు రకాలు. ఫాయిల్ మొనతో పొడిచేది. మొండెం మీద తగిలితేనే పాయింటు. ఎపీ కూడా పొడిచేదే, కాకపోతే కాలి బొటనవేలి నుంచి నడినెత్తి దాకా ఎక్కడ తగిలినా లెక్కే. బరువు 770 గ్రాముల దాకా ఉండొచ్చు. సేబర్ గుర్రపు రౌతుల కత్తి వంశానిది. నడుం పైభాగం మీద, మొనతోనే కాదు, అంచుతోనూ వేటు వేయొచ్చు. ఫాయిలూ సేబరూ 500 గ్రాములు మించకూడదు. అంటే అరకిలో కోవా పొట్లమంత బరువన్నమాట. మా ఊరివాడికి ఇంతకన్నా సులువైన తూకం చెప్పలేను.

అన్నిటికన్నా నన్ను పట్టేసింది పిడి. ఫాయిల్‌కీ ఎపీకీ పిడులు రకరకాలు. ఫ్రెంచి పిడి కాస్త వంపు తిరిగిన చిన్న కర్రలా ఉంటుంది, చివర బరువుకి ఒక ఇనుప గుండు. ఇటాలియన్ పిడికి అడ్డంగా ఒక కమ్మీ ఉంటుంది, వేళ్లు దానికి తగిలించి, పాతకాలంలో మణికట్టుకి పట్టీతో కట్టేసుకునేవారు. 1920లో ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో ఒక్కడే అయిదు బంగారు పతకాలు కొట్టిన నేడో నాడీ ఆ ఇటలీ బడిలోవాడే. మూడోది పిస్టల్ పిడి. దాన్ని ఆర్థోపెడిక్ అని కూడా అంటారు. ఎముకల డాక్టరు పేరులా ఉన్నా, వేళ్లు ఎక్కడికక్కడ ఒదిగేలా బుడిపెలూ గుంటలూ ఉంటాయని ఆ పేరు. బెల్జియన్, విస్కాంటి, రష్యన్ అని అందులో మళ్లీ శాఖలు. ఫ్రెంచి పిడిని వెనక్కి జరిపి గుండు దగ్గర పట్టుకుంటే కత్తి రెండు మూడు అంగుళాలు పొడుగైనట్టే. పిస్టల్ పిడితో ఆ పప్పులు ఉడకవు. చెయ్యి ఒకే చోట ఉండాలి, బొటనవేలు గిన్నెకి 2 సెంటీమీటర్లు మించి దూరం పోకూడదని రూలు. గిన్నె అంటే చేతికి అడ్డుగా ఉండే ఇనుప డిప్ప. రెండు లాభాలూ ఒకదాంట్లోనే కలిపిన స్పానిష్ పిడి ఒకటి వస్తే, దాన్ని నిషేధించేశారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, హరిపురం టీకొట్టు దగ్గర కూడా ఇలాగే చెప్పాను కాబట్టి. అక్కడితో ఆగానా? మన తల్వార్ పిడికి చివర పళ్లెంలాంటి బిళ్ల ఉంటుందనీ, అది మణికట్టుని తిరగనివ్వదనీ, అందుకే వేటు భుజంలోంచి రావాలనీ చెప్పాను. కటారు పిడి అడ్డంగా ఉంటుంది కాబట్టి గుద్దు గుద్దినట్టు పొడవాలన్నాను. "పిడి చూస్తే చాలు, ఆ కత్తి ఎలా ఆడుతుందో చెప్పేస్తా" అన్నాను. చెప్పినవన్నీ నిజాలే. అప్పటికి నేను చేత్తో పట్టుకున్న కత్తి మాత్రం మా ఇంటి కత్తిపీట ఒక్కటే, దాన్ని కూడా చేత్తో కాదు, కాలితో తొక్కిపట్టేది.

మాటలు కోటలు దాటాయి. ఊళ్లో పిల్లలకి కత్తియుద్ధం నేర్పుతానని ప్రకటించాను. టీకొట్టాయన గ్లాసు కడుగుతూ, "నీకెవరు నేర్పినారు బాబూ?" అన్నాడు. వినబడనట్టు నటించాను.

కత్తి జలంధర్ నుంచి తెప్పించాను. మూడు వేల పైచిలుకు అయింది. పిస్టల్ పిడే ఎంచుకున్నాను. ఏ గుణం చూసి అని అడక్కండి, తుపాకీలా ఉంది, అంతే. అందులో కుడిచేతి పిడి వేరు, ఎడమచేతి పిడి వేరు. బుడిపెలు ఏ వేలికి ఆ వేలికి చెక్కినవి కదా. అక్కడే ఆ రెండు గళ్లు వచ్చాయి. నేను కుడిచేత్తో రాస్తాను, కుడిచేత్తో తింటాను, కుడిచేత్తో దండం పెడతాను. టిక్కు పెట్టడానికి అరక్షణం పట్టలేదు.

పార్సిల్ వచ్చేసరికి దసరా. "భవానీ దేవి కత్తి వచ్చింది" అని వీధంతా చాటాను. ఆమె ఆడింది సేబరనీ, నేను కొన్నది ఫాయిలనీ, సేబర్‌కి పిస్టల్ పిడే ఉండదనీ నాకు తెలుసు. తెలిసే చెప్పాను. అది తెలివితక్కువతనం కాదు, అబద్ధం; ఆ ఖాతా వేరే. మా అమ్మ దాన్ని ఆయుధపూజలో కొడవలికీ గునపానికీ మధ్య పెట్టింది. బొట్టు ఎక్కడ పెట్టాలో తెలియక మొనకున్న రబ్బరు బుడిపె మీద కుంకం అద్దింది. "ఏటిరా ఇది, దీనికి పదునేదీ?" అంది. పదును ఉండదమ్మా అన్నాను. "పదును లేనిదానికి పూజెందుకు మరి" అని గొణుక్కుంటూనే హారతిచ్చింది.

దసరా వెళ్లిన ఆదివారం తోటలో పాఠం. మా తోట అంటే పెద్దగా ఊహించుకోకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం మీద పడి వెళ్లాక మిగిలిన నాలుగు కొబ్బరిచెట్లు, మోడుల మధ్య మళ్లీ నాటిన జీడి మొక్కలు. పదకొండు మంది పిల్లలు వచ్చారు. వాళ్లకి కత్తుల్లేవు కాబట్టి కొబ్బరిమట్టలు చెక్కి తలా ఒకటి ఇచ్చాను. నాకు మాత్రం జలంధర్ కత్తి. ద్రోణాచార్యుడిలా నిలబడి పట్టు గురించి అరగంట చెప్పాను. ఆ అరగంటా పిడిని నేను పట్టుకున్న పట్టు ఉడుంపట్టు. శత్రువు చేతిలోంచి ఎగరగొట్టకూడదంటే ఎంత బిగిస్తే అంత మంచిదని నా సొంత సిద్ధాంతం.

తర్వాత "ఎవరొస్తారు?" అన్నాను. ఎనిమిదో తరగతి చదివే గుంట ఒకతె ముందుకొచ్చింది. మట్టని రెండు వేళ్లతో, పూలసజ్జ పట్టుకున్నట్టు పట్టుకుంది. అలా కాదమ్మా, గట్టిగా పట్టుకో అన్నాను. తలూపింది గానీ పట్టు మార్చలేదు. నేను అడుగు ముందుకేసి పొడిచాను. ఆ పిల్ల మణికట్టు ఇంతే కదిపింది, టక్కుమని నా కత్తి మీద ఒక్క దెబ్బ. బిగించీ బిగించీ తిమ్మిరెక్కిన నా వేళ్లు వాటంతటవే విడిపోయాయి. భవానీ దేవి కత్తి వెళ్లి జీడిమొక్కలో పడింది. పదకొండు మందీ నవ్వారు. పదిమందే నవ్వారు అనాలి, ఆ పిల్ల నవ్వలేదు. "దెబ్బ తగల్లేదు కదండీ?" అని అడిగింది. నవ్వినా బాగుండేది.

కత్తిని వంగి తీశాను. ఎడమచేత్తో తీశాను. బుడిపెలు వేళ్లకి అడ్డంగా తగిలాయి, ఎక్కడా ఇమడలేదు. పిడిలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. అప్పుడే బుద్ధి వెలగాల్సింది, వెలగలేదు. చెమట పట్టిందని పిల్లలకి చెప్పి పాఠం ముగించాను. సాయంత్రానికి "కత్తి బాబు" అయిపోయాను.

ఆ రాత్రి మా పిన్ని వచ్చింది. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పని ఆమెది, ముప్పై ఏళ్ల పైమాటే. పిక్కల్ని ఉడికించి, కోత మిషను మీద చీల్చి, పప్పు తీసి ఆరబెట్టాక, పైనున్న ఎర్రపొట్టు చిన్న చాకుతో ఆడవాళ్లు చేత్తో తీస్తారు. పప్పు గుండుగా రావాలి. విరిగి బద్దయితే ధర పడిపోతుంది. పౌనుకి 180 గింజలు తూగే పెద్ద పప్పు అయితే మరీ జాగ్రత్త. పట్టు గురించి టీకొట్టు దగ్గర చెప్పినదంతా నేను పిన్నికి కూడా చెప్పాను, నాకు సిగ్గులేదు. ఆమె అంతా విని, పళ్లెంలోంచి ఒక పప్పు తీసి, "ఇలాగ పట్టు" అంది. పట్టుకున్నాను. చాకు పెట్టేలోపే బద్దయింది. ఇంకోటి ఇచ్చింది. అదీ బద్దే. "నీకు కూలీ ఇచ్చేవోడు ములిగిపోతాడు" అంది.

తర్వాత తను పట్టి చూపించింది. చాకు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలబడి ఉంది. మిగతా మూడు వేళ్లూ పిడి మీద ఊరికే వాలి ఉన్నాయి, కావాల్సినప్పుడు కొంచెం నొక్కుతున్నాయి, వెంటనే వదులుతున్నాయి. నేను నెల్లాళ్లు చదివిందీ అదే. ఫాయిల్‌ని నడిపేవి ఆ రెండు వేళ్లే, తక్కిన మూడూ సాయం. కత్తిని పిట్టని పట్టుకున్నట్టు పట్టుకోవాలని, బిగిస్తే చస్తుందని, వదిలితే ఎగిరిపోతుందని ఫెన్సింగ్ గురువులు తరతరాలుగా చెబుతున్నారు. ఆ మాట నాకు నోటికి వచ్చు. మా పిన్నికి ఆ మాట రాదు, పిట్ట మాత్రం ఆమె చేతిలో ఉంది.

సంక్రాంతికి మా అప్ప కొడుకు వచ్చాడు. విశాఖలో ఇంజనీరింగ్ చదువుతూ కాలేజీ జట్టులో ఫాయిల్ ఆడేవాడు. వాడు ఆడతాడన్న సంగతే నాకు అప్పటిదాకా తెలీదు; మేనల్లుడు ఏం చదువుతున్నాడో, ఏం ఆడుతున్నాడో అడిగిన పాపాన పోతేగా. పాఠం సంగతి నవ్వుతూ చెప్పాను. వాడు నవ్వలేదు.

"మాస్కులేవి మావయ్యా?"

"మట్టలే కదరా, మాస్కులెందుకు?"

"మట్టలు వాళ్లకి. నీ చేతిలో ఉన్నది ఉక్కు."

ఆ తర్వాత వాడు చెప్పింది విన్నాక ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. వ్లదీమిర్ స్మిర్నోవ్ అని సోవియట్ ఆటగాడు, 1980 మాస్కో ఒలింపిక్స్‌లో ఫాయిల్ విజేత. రెండేళ్ల తర్వాత రోమ్ ప్రపంచ పోటీల్లో ఎదుటివాడి ఫాయిల్ ఆటమధ్యలో విరిగింది. విరిగిన మొన మాస్కు జాలీని చీల్చుకుని కంట్లోంచి మెదడులోకి వెళ్లింది. తొమ్మిది రోజులకి చనిపోయాడు. ఎదుటివాడి తప్పు లేదు, అతను జర్మన్ ఆటగాడు, పేరు మతియాస్ బేర్. ఆ తర్వాతే మాస్కులు, దుస్తులు, కత్తికి వాడే ఉక్కు, అన్నిటి నిబంధనలూ గట్టిపడ్డాయి. మాస్కు పెట్టుకున్న ప్రపంచ స్థాయి ఆటగాడికే అలా జరిగితే, నేను మా తోటలో ముఖం మీద ఏమీ లేని పిల్ల మీదికి కత్తి చాచి అడుగు ముందుకేశాను. ఆ పిల్ల కత్తి ఎగరగొట్టిందని నామోషీ పడ్డాను చూడండి, ఎగరగొట్టకపోయి ఉంటే? మిగతా నా తెలివితక్కువ పనులన్నీ నవ్వుకుంటూ చెప్పగలను. ఇది చెప్పలేను. మర్నాడే వాళ్లింటికి వెళ్లి తల్లిదండ్రులకి సంగతి చెప్పి తప్పయిపోయిందన్నాను. "ఆడుకున్నారు కదా బాబూ, ఏటైనాదిప్పుడు?" అన్నారు వాళ్లు. వాళ్లకి స్మిర్నోవ్ సంగతి తెలీదు. నేను చెప్పాను.

కనుమనాడు పెరట్లో కూర్చుని ఉండగా మా పనసచెట్టు మీదికి కోతి ఎక్కింది. చేతికందిన రాయి విసిరాను. మేనల్లుడు నా వంక వింతగా చూశాడు.

"మావయ్యా, నీది ఏ చెయ్యి?"

"కుడి."

"మరి రాయి?"

చూసుకుంటే ఎడమ. వాడు నా చేత తాళం తీయించాడు, కొబ్బరికాయ కొట్టించాడు, చీపురుపుల్లతో గాల్లో పొడిపించాడు. రాయడం, తినడం, దండం పెట్టడం తప్ప అన్నీ ఎడమే. గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న మా అమ్మ తలెత్తకుండా అంది: "నీది పుర్రచెయ్యేరా. పుర్రచేత్తో అన్నం తింటంటే గరిటె కాల్చి ఎట్టినాను. అక్కడికి మానేసినావు." నా ఎడమ మణికట్టు మీద చిన్న మచ్చ ఒకటి ఉంది. అది చిచ్చుబుడ్డి కాలిన మచ్చ అనుకుంటూ బతికాను ఇన్నాళ్లూ. అమ్మ మీద కోపం రాలేదు. బళ్లో మేష్టారూ అదే చేశారు, అప్పట్లో అందరూ అదే చేసేవారు.

మేనల్లుడు మాత్రం తల పట్టుకున్నాడు. ఫెన్సింగులో ఎడమచేతివాటం వరమట. అందరూ కుడిచేతివాళ్లతో ఆడి ఆడి అలవాటు పడి ఉంటారు, ఎడమచేతివాడు ఎదురైతే కత్తి రావాల్సిన వైపు నుంచి రాదు. ఇటలీకి ఒలింపిక్స్‌లో 13 పతకాలు తెచ్చిన ఎదువార్దో మాంజారొత్తి పుట్టుకతో కుడిచేతివాడేనట. కత్తిపోటీల్లో ఆరితేరిన తండ్రి పట్టుబట్టి కొడుకుని ఎడమచేతివాణ్ణి చేశాడట. లోకంలో ఒక తండ్రి అలా చేస్తే, మందసలో ఒక తల్లి ఇలా చేసింది. మా అమ్మకి ఈ సంగతి చెబితే, "ఆడు అన్నం ఏ చేత్తో తింటాడంట?" అని అడిగింది. మేనల్లుడి దగ్గర జవాబు లేదు.

ఇంత జరిగాక మనిషన్నవాడు మానేస్తాడు. నేను పిడి మారుద్దామనుకున్నాను. ఫ్రెంచి పిడి అయితే ఏ చేతికైనా దాదాపు సర్దుకుంటుంది కదా అని, ఎవరినీ అడక్కుండా, అదీ గుండూ కలిపి మళ్లీ తెప్పించాను. ఆరు పలకల తాళంచెవి పెట్టి పిస్టల్ పిడి మరవిప్పి, ఫ్రెంచి పిడి ఎక్కించి, చివర గుండు బిగించబోయాను. గుండు ఖాళీగా గిరగిరా తిరుగుతోంది. లోపల పట్టుకోవడానికి మర అందడం లేదు. మేనల్లుడికి ఫోను చేశాను. ఫ్రెంచి పిడి పొడుగు, దాని గుండా కత్తి తోక చివరిదాకా వచ్చి గుండులోకి ఎక్కాలి. పిస్టల్ పిడి పొట్టి, దానికి బిగించేటప్పుడు తోకని కోసేస్తారు. ఒకసారి కోసిన తోక మళ్లీ పెరగదు. "కొనేముందు ఒక్కమాట అడగొచ్చు కదా మావయ్యా" అన్నాడు. సరిగ్గా ఇదే మాట నేను నా క్లయింట్లతో అంటూ ఉంటాను.

చివరికి వీధి చివరి వడ్రంగి దగ్గరికి తీసుకెళ్లాను. చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటి కోస్తాది బాబూ ఇది?"

"ఏదీ కోయదు."

"పొడుస్తాదా?"

"తగులుతుంది. దిగదు. వంగిపోతుంది."

చాలాసేపు ఆలోచించి అడిగాడు: "మరి దీనికి పిడెందుకు?"

జవాబు చెప్పలేదు. అయినా చేసిచ్చాడు. కొడవళ్లకి వేసినట్టే తుమ్మకర్ర చెక్కి, లక్క పోసి దిగ్గొట్టాడు. గిన్నె తీసి పక్కన పడేశాడు. దాని మధ్యలో చిల్లు ఉండబట్టి గానీ లేకపోతే అదీ మా వంటింట్లోకి వెళ్లిపోయేది. పిడి నున్నగా, కాస్త లావుగా, ఏ చేతికైనా సరిపోయేలా వచ్చింది. మా అమ్మ పట్టుకుని చూసి, గాల్లో ఒక్కసారి ఊపింది. జుయ్యిమంది. పనసచెట్టు మీద కోతి దిగిపోయింది. ఆరోజు నుంచీ అది ఆమెది. ఆమె దాన్ని రెండు వేళ్లతో పట్టుకుంటుంది, తక్కిన మూడూ ఊరికే వాల్చి.

పిస్టల్ పిడి మాత్రం నా బల్ల సొరుగులో ఉంది. కుడిచేతిది, అరగంట మాత్రమే వాడింది, బుడిపెలు అరగలేదు. ఫాయిల్ ఆడే కుడిచేతివాటం పిల్లలెవరైనా మీ ఎరుకలో ఉంటే మందస వచ్చి కత్తి బాబు ఇల్లు అని అడగండి, ఎవరైనా చూపిస్తారు. డబ్బులు వద్దు. పావుకిలో కోవా కూడా కట్టించి పంపిస్తాను. కత్తి మాత్రం అడక్కండి. మా అమ్మ ఇవ్వదు.